ఆదిలక్ష్మమ్మ చేతి ముద్ద

ఆదిలక్ష్మమ్మ ఇంట్లో కంచాలకు కొదవ లేదు. ముప్పై రెండున్నాయి. అన్నీ బరువైన స్టీలువి, అంచున పేర్లు చెక్కించినవి. అవన్నీ ఒక గోనెసంచిలో మూతి బిగించుకుని అటక మీద నిద్రపోతుంటాయి. ఆ ఇంటికి ఎవరొచ్చినా, ఏ వేళకొచ్చినా, తినేది మాత్రం ఆదిలక్ష్మమ్మ చేతిలోంచే. బేసిను నిండా వేడన్నం గుమ్మరించి, గోంగూరో పండుమిరపకాయ పచ్చడో వేసి, ఇంత వెన్నపూస తగిలించి, ఎర్రగా కలిపి ముద్ద చేస్తుంది. నిమ్మకాయంత అనుకుంటే పొరపాటు, నారింజకాయంత. ఆ ముద్ద పట్టుకుని ఎదుటి మనిషి ముందు నిలబడి ఒక్కటే మాట అంటుంది.

"నోరు తెరువు."

తెరవాల్సిందే. ముద్దను అంగుళం పైనుంచి వదులుతుంది. వేలు పెదవికి తగలదు కాబట్టి ఎంగిలి లేదు. మెతుకు కింద పడదు కాబట్టి ఊడ్చే పని లేదు. ఈ విద్యలో ఆమెను మించినవాళ్లు గురజాల నుంచి మాచర్ల దాకా లేరు. ఆ మాటకొస్తే, ఈ విద్య ఉన్నవాళ్లే లేరు.

ఒకసారి వీధిలో తీగ తెగితే లైన్‌మన్ వచ్చి స్తంభం ఎక్కాడు. మధ్యాహ్నం రెండు దాటింది. ఆదిలక్ష్మమ్మ బేసిను చంకన పెట్టుకుని డాబా ఎక్కి, పిట్టగోడ దగ్గర నిలబడింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఇటు తిరుగు."

"అమ్మా, పైన ఉన్నానమ్మా! లైను పని!"

"కరెంటు ఆపావా?"

"ఆపా."

"ఆకలి ఆగిందా? నోరు తెరువు."

స్తంభానికీ డాబాకీ మధ్య మూరెడు ఎడం. ఆ మూరెడూ గాల్లో ప్రయాణం చేసి, ముద్ద చేరాల్సిన చోటికే చేరింది. అప్పట్నించీ ఆ వీధిలో తీగ తెగినా తెగకపోయినా, నెలకోసారి లైన్‌మన్ వచ్చి ఆ స్తంభం ఎక్కి చూసుకుని పోతుంటాడు.

పంచాయతీ ఎన్నికలప్పుడైతే ఊరంతా చెప్పుకున్నారు. రెండు పార్టీల ఊరేగింపులు సరిగ్గా ఆమె గుమ్మం ముందు ఎదురుపడ్డాయి. మామూలుగా అలా ఎదురుపడితే సాయంత్రానికి నలుగురు ఆసుపత్రిలో, నలుగురు స్టేషన్‌లో ఉంటారు. జెండా కర్రలు తిరగబడుతున్నాయి. ఇద్దరు అభ్యర్థులూ మీసాలు పట్టుకుని, మొదటి బూతు ఎవరు తిట్టాలా అని చూసుకుంటున్నారు. ఆదిలక్ష్మమ్మ బేసినుతో మధ్యకొచ్చింది.

"ఏందయ్యా, ఇద్దరూ ఎప్పుడనగా తిన్నారు? నోళ్లు తెరవండి."

తిట్టడానికి ఎటూ తెరిచే ఉన్నారు. చెరొక ముద్దా పడింది. ఆరోజు పచ్చడి కొత్త మిరపపండ్లది. ముందు చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత కళ్లు, తర్వాత మాట పోయింది. పది నిమిషాలపాటు రెండు పార్టీల నాయకులూ ఒకే మజ్జిగ చెంబు కోసం ఒకళ్ల చేతిలోంచి ఒకళ్లు లాక్కున్నారు. కార్యకర్తలు ఎవరిని కొట్టాలో తెలియక వరసలో నిలబడి తమ ముద్ద తాము తిని పోయారు. ఆ ఏడు ఆ వీధిలో ఒక్క తల పగల్లేదు.

చిన్నకోడలు జ్యోతిర్మయికి ఈ సంగతులేవీ తెలియవు, కాపురానికి వచ్చేదాకా. క్రోసూరు పిల్ల. ఇంటర్ మొదటి ఏడాదిలోనే చదువు మాన్పించారు. నలుగురిలో మాట్లాడటం అంటే అంతకుముందు నుంచే భయం. కొత్త కోడలు కాబట్టి పీట వేసి, విస్తరేసి, వడ్డన చేస్తారనుకుంది. పట్టుచీర సర్దుకుని తలొంచుకుని కూర్చుంది. పైనుంచి నీడ పడింది.

"తల పైకెత్తు."

ఎత్తింది.

"నోరు తెరువు."

తెరవలేదు. సిగ్గు.

"ఏమే, ముక్కులో పెట్టనా?"

తెరిచింది. కళ్లలో నీళ్లొచ్చాయి. మిరపపండ్లవా, అమ్మ గుర్తొచ్చా అన్నది ఆమెకే తేలలేదు. రెండో ముద్దకు తనే తల ఎత్తింది.

ఈ రెండేళ్లలో జ్యోతిర్మయికి అలవాటైపోయింది. పొద్దున ఇడ్లీ కారప్పొడి అద్దుకుని నోట్లోకే వస్తుంది. మధ్యాహ్నం బేసిను. సాయంత్రం మళ్లీ బేసిను. వేళకు అరుగు మీద వరస కడతారు. పక్కింటి రబియా, ఆమె అత్త అబిదా, పొలం నుంచి వచ్చే కూలీలు, జ్యోతిర్మయి మొగుడు ఉదయ్, ఎవరు ఉంటే వాళ్లు. మామగారు కోటేశ్వరరావు రెండుసార్లు ఊరి ప్రెసిడెంటుగా చేసినవాడు. ఆయన కూడా కండువా ఒళ్లో వేసుకుని ఆ వరసలోనే కూర్చోవాలి, తన వంతు వచ్చినప్పుడు నోరు తెరవాలి. ప్రెసిడెంటుకైనా మినహాయింపు లేదని ఊళ్లో నవ్వుకుంటారు.

నవ్వనిది ఒక్క పెద్దకోడలు ప్రశాంతి. ఆమె కాపురం నరసరావుపేటలో. మొగుడికి ఎరువుల షాపు. పండక్కి వచ్చినప్పుడల్లా అత్తగారికి ఏదో ఒకటి నేర్పాలని చూస్తుంది. ఒకసారి అరడజను చెంచాలు తెచ్చింది.

"శుభ్రత ముఖ్యం అత్తయ్యా. రోజులు మారినై."

"నా చెయ్యి మూడుసార్లు కడిగా. నీ చెంచా ఎవరు కడిగారో చెప్పు."

ఆ చెంచాలు ఇప్పుడు కందిపొడి డబ్బాలో ఒకటి, కారం డబ్బాలో ఒకటి, తులసికోట దగ్గర మట్టి తవ్వడానికి ఒకటి పనిచేస్తున్నాయి. మిగతా మూడింటి ఆచూకీ లేదు.

అలాంటి ప్రశాంతి కూతురు సాయిసాత్వికకు సంబంధం కుదిరింది. గుంటూరు వాళ్లు. పెళ్లికొడుకు అభిషేక్ ఇంజనీరు, తండ్రి సుందరరావు కాలేజీలో లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి. పేటలో ఏసీ హాలు, నిశ్చితార్థం, ముప్పై ఎనిమిది రకాలతో బఫే. పది రోజుల ముందే ప్రశాంతి తోడికోడలికి ఫోన్ చేసింది.

"జ్యోతీ, వాళ్లు చానా పద్ధతి గల మనుషులు. మూతి తుడుచుకోవడానికి ఒక కాగితం, చెయ్యి తుడుచుకోవడానికి ఇంకో కాగితం వాడతారు. అత్తయ్య హాల్లోకి బేసిను తెచ్చి, మా వియ్యంకుడిని నోరు తెరవమంటే నా పరువేం కావాలి? నీ పని ఒక్కటే. ఆమెను కనిపెట్టుకుని ఉండు."

"సరే అక్కా," అంది జ్యోతిర్మయి. ఆమె ఎప్పుడూ అనే మాట అదే.

తర్వాత ఫోను అత్తగారికి ఇచ్చింది. ఆదిలక్ష్మమ్మ అన్నీ విని, "బేసిను తేనులే," అని మాటిచ్చింది. అంత తేలిగ్గా ఒప్పుకోవడం జ్యోతిర్మయికి వింతగా తోచింది. అత్తమ్మ అలా ఉత్త చేతులతో కూర్చోవడం ఆమె చూడటం అదే మొదటిసారి.

సాయంత్రానికి కోటేశ్వరరావు కబురు చెప్పాడు.

"నేను పేటకి రానమ్మాయ్. నాకు ఏసీ పడదు."

ఆయన గదిలో ఏసీ ఎండాకాలమంతా పద్దెనిమిది మీద తిరుగుతుంది. రెండు దుప్పట్లు కప్పుకుని మరీ పడుకుంటాడు.

మర్నాడు మనవరాలు ఫోన్ చేసింది. "తాతయ్యా, నువ్వు లేకపోతే ఉంగరం పెట్టించుకోను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతా."

"వస్తాలేవే తల్లీ. భోజనం మాత్రం చెయ్యను. నాకు ఉపవాసం."

"ఏం ఉపవాసం?"

"సోమవారం ఉపవాసం."

"ఆ రోజు గురువారం తాతయ్యా."

"గురువారం కూడా పట్టాలే. ఈ మధ్యే."

పక్కనే కూరగాయలు తరుగుతున్న జ్యోతిర్మయి చెయ్యి ఆగింది. మామయ్య ఏ వారమూ పస్తు ఉండటం తను చూడలేదు. ఇంకోటి కూడా తను చూడలేదు. ఈ రెండేళ్లలో ఆయన ముందు కంచం చూడలేదు.

ఆదిలక్ష్మమ్మ మిరపపండ్లు తెచ్చుకోవడానికి తోటకు పోయిన పూట, జ్యోతిర్మయి ఉప్మా చేసి, ఒక పళ్లెంలో పెట్టి మామగారికి ఇచ్చింది. ఆయన పళ్లెం వంక చూశాడు. "అక్కడ పెట్టు, చల్లారాక తింటా," అన్నాడు. ఆమె లోపలికి వచ్చి తలుపు చాటున నిలబడింది. ఆయన అటూ ఇటూ చూసి, ఒళ్లో కుడి చెయ్యి మీద కప్పిన కండువా తీసి, ఆ చెయ్యి పళ్లెంలో పెట్టాడు. వేళ్లు మడవలేదు. ఉప్మా జారిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. ఎడమ చేత్తో తింటాడా? ఎవరూ చూడకపోయినా ప్రెసిడెంటు కోటేశ్వరరావు ఎడమ చేత్తో తినడు. నాలుగు నిమిషాలు అలాగే కూర్చుని, పళ్లెం తీసి అరుగు కింద కోళ్లకు గుమ్మరించి, "ఉప్మా బాగుందమ్మాయ్!" అని లోపలికి కేక వేశాడు.

జ్యోతిర్మయి వెనక గుమ్మంలోంచి రబియా ఇంటికి నడిచింది.

"రబియక్కా, అత్తమ్మ ఎప్పట్నించీ ఇట్లా అందరికీ ముద్దలు పెడతంది?"

రబియా బియ్యం ఏరుతూ తలెత్తి చూసింది. "కనిపెట్టావా?"

"ఉప్మా పెట్టా."

"అయ్యో." రబియా చాట పక్కన పెట్టింది. "మూడేళ్ల ముందు మా పెద్దమ్మకి, అదే మీ అత్తమ్మకి, కంచాలంటే ప్రాణమే. ఆమె పేరున్న కంచంలో ఇంకొకళ్లు తింటే ఇల్లు ఎగిరిపోయేది. ఆ ఏడు శివరాత్రికి పెదనాన్న ప్రభతో కోటప్పకొండకు పోయొచ్చినాడు. వారం తిరక్కుండా పక్షవాతం. ఆసుపత్రిలో నడిపించి పంపినారు. కాలు వచ్చింది, నోరు వచ్చింది. వేళ్లు రాలా. తగ్గిపోయిందని కొడుకులకు కూడా చెప్పినాడు."

"మరి తిండి?"

"పెద్దమ్మ గదిలో తలుపేసి తినిపించేది. ఆయనకి అవమానం. నేనేమన్నా పసిపిల్లాడినా అని మూడు రోజులు నోరు బిగించుకుని కూర్చున్నాడు. నాలుగో రోజు పెద్దమ్మ కంచాలన్నీ మూట కట్టి అటకెక్కించి, వీధిలోకొచ్చి అరిచింది. కంచాలు తోమలేక చస్తన్నా, ఇక నుంచి ఈ ఇంట్లో అందరికీ చేతి ముద్దే, రండి అని. అందరం నవ్వుకుంటా పోయి అరుగు మీద కూర్చున్నాం. వరసగా పెట్టుకుంటా వచ్చింది. తొమ్మిదో ముద్ద పెదనాన్నకి. ఎవరూ చూళ్లా. అందరి నోళ్లూ తెరిచే ఉండె కదా."

"నీకెట్లా తెలుసు?"

"నేను పదోదాన్ని."

రబియా మళ్లీ చాట అందుకుంది. మెల్లగా అంది. "నాకు తెలుసని పెద్దమ్మకి తెలియదు. నువ్వూ తెలియనట్టే ఉండు."

జ్యోతిర్మయి తెలియనట్టే ఉంది. కానీ ఆలోచించింది. లైన్‌మన్, పార్టీల నాయకులు, కూలీలు, తను. ఒక్క మనిషి తల దించుకోకుండా ఉండటానికి ఊరు ఊరంతటి చేతా తల పైకెత్తించింది అత్తమ్మ. ఇప్పుడు హాల్లో మూడొందల మంది మధ్య మామయ్య చేతిలో కంచం పెడతారు. ఆయన సొంత మనవరాలి శుభకార్యంలో ఆకలితో కూర్చోవాలి, లేకపోతే అందరూ చూస్తుండగా అన్నం జారవిడవాలి. ప్రశాంతక్కకి చెబితే? మామయ్య దాచుకున్నది తను బయటపెట్టినట్టు అవుతుంది. చెప్పకపోతే?

గురువారం రానే వచ్చింది. హాల్లో చలి, పూల వాసన, వీడియో లైట్లు. ప్రశాంతి గుమ్మం దగ్గరే అత్తగారి చేతులు, చంకలు, చేతిసంచి అన్నీ చూపుతో తడిమి, బేసిను లేదని తేల్చుకుని, తోడికోడలి భుజం తట్టింది. రబియా వెనకే వచ్చి, మెరిసే కాగితం చుట్టి రిబ్బను కట్టిన పెద్ద గుండ్రటి బహుమతిని ప్రశాంతి చేతుల్లో పెట్టింది.

"ఏంది రబియా ఇంత బరువు! ఎందుకమ్మా ఇవన్నీ?"

"పిల్లకి పనికొస్తదిలే అక్కా."

ప్రశాంతి మురిసిపోయి, దాన్ని స్వయంగా మోసుకెళ్లి స్టేజీ మీద బల్ల మధ్యలో పెట్టింది.

ఉంగరాలు మార్చుకున్నారు. చప్పట్లు అయ్యాయి. బఫే తెరిచారు. కోటేశ్వరరావు ముందు వరసలో కుర్చీకి అతుక్కుపోయి కూర్చున్నాడు, కండువా ఒళ్లో. అప్పుడు సుందరరావు రెండు చేతుల్లో రెండు నిండు ప్లేట్లతో నవ్వుకుంటూ వచ్చాడు.

"మామయ్యగారూ, ఇవాళ మీ పక్కన కూర్చుని తినాలని. ఇదిగోండి."

"నాకు ఉపవాసమండీ."

"అయితే నాకూ ఉపవాసమే. మీరు ముట్టనిదే నేను ముట్టను."

పాపం, మర్యాద తెలిసిన మనిషి. మర్యాద తెలిసినవాళ్లతోనే అసలు చిక్కు. ఒక ప్లేటు ఆయన ఒళ్లో పెట్టాడు. వీడియో అబ్బాయి కెమెరా ఇటు తిప్పాడు. కోటేశ్వరరావు ముఖం పాలిపోయింది. అవతల స్తంభం పక్కన ఆదిలక్ష్మమ్మ కొంగు నలుపుకుంటూ నిలబడింది. అడుగు ముందుకు వేసింది, ప్రశాంతి వంక చూసి ఆగింది.

జ్యోతిర్మయి స్టేజీ ఎక్కింది. మూడొందల మంది ముందు స్టేజీ ఎక్కడం ఆమెకు జీవితంలో ఇదే మొదలు. బల్ల మీది గుండ్రటి బహుమతి అందుకుని చర్రున కాగితం చించింది. లోపల బేసిను. బేసిను లోపల జాడీలో పండుమిరపకాయ పచ్చడి, గిన్నెలో వెన్నపూస. దిగి నేరుగా క్యాటరింగ్ మనిషి దగ్గరికి పోయింది.

"అన్నం పెట్టండి."

"ఏం అన్నమమ్మా? బిర్యానీ, ఫ్రైడ్ రైస్, జీరా రైస్, పుదీనా రైస్..."

"ఉత్తన్నం."

అతను బల్ల కింద ఎక్కడో వెతికి, పెరుగన్నం కోసం దాచిన తెల్లన్నం ఆవిర్లు కక్కుతుండగా బేసినులో వంచాడు. జ్యోతిర్మయి దాన్ని మోసుకెళ్లి అత్తగారి చేతుల్లో పెట్టింది.

"ప్రశాంతికి మాటిచ్చానే," అంది ఆదిలక్ష్మమ్మ గొంతు తగ్గించి.

"మీరు తేనన్నారు. మీరు తేలేదు. నేను తెప్పించా."

అని, సరిగ్గా మామగారి కుర్చీ ముందు తివాచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, హాలంతా వినబడేట్టు అంది. "అత్తమ్మా, ఆకలేస్తంది. నాకు ముద్ద పెట్టు."

నోరు తెరిచింది. కెమెరా ఇటు తిరిగింది.

ఆదిలక్ష్మమ్మ కోడలి ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. ఆ క్షణంలో ఏం అర్థమైందో ఇద్దరూ తర్వాతెప్పుడూ చెప్పుకోలేదు. చెయ్యి కడుక్కుని, అన్నం కలిపింది. ముద్ద వదిలింది.

"నాకూ నానమ్మా!" సాయిసాత్విక పట్టులంగా ఎత్తిపట్టుకుని పరుగెత్తుకొచ్చి పక్కన కూలబడింది. "అభీ, నువ్వూ రా. నోరు తెరువు, అడక్కు, అంతే."

పెళ్లికొడుకు వచ్చాడు. రబియా వచ్చింది. ప్రశాంతి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "అత్తయ్యా, ఏంది ఇది, నా పరువు..." అంతవరకే. తెరిచిన నోరు ఆదిలక్ష్మమ్మ ఎప్పుడూ వృథా పోనివ్వదు. పరువుతో పాటు ముద్ద కూడా లోపలికి పోయింది.

ఆరో మనిషి సుందరరావు. కళ్లజోడు సర్దుకున్నాడు.

"అత్తయ్యగారూ, ఇది... దీని పద్ధతి ఏమిటండీ?"

"తల పైకెత్తడం, నోరు తెరవడం. గుంటూరులో కూడా ఇట్లాగే తెరుస్తారనుకుంటా."

పెద్దమనిషి నోరు తెరిచాడు. ముద్ద పడింది. చెవులు ఎర్రబడ్డాయి. కళ్లజోడు తీసేశాడు. జేబులోంచి మూతి కాగితం తీసి కళ్లు తుడుచుకున్నాడు, చెయ్యి కాగితం తీసి ముక్కు తుడుచుకున్నాడు.

"మా అమ్మ పెట్టేది," అన్నాడు. "అరవై ఏళ్లయింది. ఇంకోటి."

ఏడో ముద్ద కోటేశ్వరరావుకి పడింది. ఎవరూ చూడలేదు. అందరూ వియ్యంకుడి ఎర్రటి ముక్కునే చూస్తున్నారు. జ్యోతిర్మయి ఆయన ఒళ్లోంచి నిండు ప్లేటు మెల్లగా తీసి అవతల పెట్టేసింది.

ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. ముప్పై ఎనిమిది రకాలూ మూతల కింద చల్లారుతున్నాయి. జనం హాలు చుట్టూ రెండు చుట్లు వరస కట్టారు. గుంటూరు నుంచి వచ్చిన పట్టుచీరలు, పేట ఎరువుల వ్యాపారులు, వీడియో అబ్బాయి. తెల్లన్నం అయిపోతే క్యాటరింగ్ మనిషి మళ్లీ పొయ్యి వెలిగించాడు. వెలిగించి, తనూ వచ్చి వరసలో నిలబడ్డాడు. ప్రశాంతి వరస తప్పించి ముందుకొచ్చేవాళ్లను వెనక్కి పంపిస్తూ, మధ్యమధ్య పక్కవాళ్లతో చెబుతోంది. "మా ఇంటి ఆచారం లెండి. శుభకార్యానికి చేతి ముద్ద లేకపోతే మాకు తృప్తి ఉండదు."

ఆదిలక్ష్మమ్మ చెయ్యి మోచేతి దాకా ఎర్రబడింది. అప్పుడు ముందు వరస కుర్చీలోంచి ఒక గొంతు మోగింది. పంచాయతీ మీటింగుల్లో మైకు అక్కర్లేని గొంతు. మూడేళ్లుగా తిండి దగ్గర పెదవి విప్పి ఏదీ అడగని గొంతు.

"ఏమే ఆదిలక్ష్మీ! నాకు ఇంకోటి పెట్టు!"

హాలు హాలంతా తిరిగి చూసింది. ఆదిలక్ష్మమ్మ తల కూడా తిప్పలేదు.

"వరసలో రా. నీకేమన్నా రెండు నోళ్లున్నాయా?"

మూడొందల మంది ఘొల్లుమన్నారు. మాజీ ప్రెసిడెంటు కోటేశ్వరరావు అందరికన్నా పెద్దగా నవ్వుతూ లేచి, కండువా కుర్చీ మీదే వదిలేసి, దర్జాగా నడుచుకుంటూ పోయి, వీడియో అబ్బాయి వెనక నిలబడ్డాడు.